రైల్వే క్వార్టరు నుండి స్వగృహమునకు

(సంఘ వార్షికోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రైల్వే కొలువు చేసినవాని జీవితమున ఇంటి సమస్య రెండు మారులు వచ్చును. మొదటిది కొలువులో చేరిన క్రొత్తలో క్వార్టరు కొరకు పేరు వ్రాయించుకొని వరుస వచ్చువరకు కాచుకొని యుండుట. రెండవది ముప్పది, ముప్పదియైదు సంవత్సరముల పిమ్మట ఆ క్వార్టరునే తిరిగి అప్పగించుట. మొదటి సమస్యను గురించి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ప్రతి అరుగుమీదను మాటలు వినబడుచుండును. రెండవదానిని గురించి ఆఖరి సంవత్సరము వచ్చువరకు ఎవరును నోరు విప్పరు. ఆడువారు మాత్రము విప్పుదురు. "ఈ గోడలకు మేకు కొట్టుకొనుటకైనను మనకు హక్కు లేదు గదా, మనకంటూ ఒక గడప ఎప్పుడు?" అని ఇల్లాలు అడిగిన ప్రశ్నకు "చూతము" అను జవాబుతో ఇరువది యేండ్లు గడచిపోవుట ఇచ్చట అరుదైన సంగతి కాదు.

ఈ ప్రసంగమునకు విషయము ఆ "చూతము" అను మాటయే.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగువారు ఎట్లు స్థిరపడిరో మొదట కొంచెము చెప్పుకొనవలెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. బెజవాడ నుండి కటకము వరకు తూర్పు తీరపు రైలుమార్గమును 1893, 1896 సంవత్సరముల మధ్య దశలవారీగా తెరచిరి. అందులో వాల్తేరునకు ఉత్తరపు భాగము 1902లో ఈ కంపెనీ చేతికి వచ్చెను. ఆనాటి మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము, గంజాము జిల్లాల పల్లెలకు ఖరగ్‌పూర్‌తో ముడి పడినది అప్పుడే. వానను నమ్ముకొన్న మెట్టసేద్యము, చేతికి అందీ అందని పంట, ఊరిప్రక్కనే రైలుస్టేషను: ఈ మూడును కలిసినచోట యువకుడు బండి ఎక్కక యేమి చేయును? ఒక్కడు వచ్చి కర్మాగారములో కుదురుకొనిన పిమ్మట బావమరిదిని పిలుచుకొనెను. బావమరిది పొరుగింటి వానిని తెచ్చెను. కొన్ని వరుసలలో నాలుగిండ్లు దాటకుండ ఒకే ఊరి వారు కనబడుట ఇందువలననే. 1927లో ఇచ్చటి కర్మాగారపు కార్మికులు సాగించిన సమ్మె దేశమంతటికిని తెలిసినది. ఈ రైల్వే కార్మికులకు నాయకత్వము వహించినవారిలో బరంపురమున జన్మించిన శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు ఒకరు. వారే 1969లో రాష్ట్రపతి అయిరి. కంపెనీ 1944 అక్టోబరు 1న ప్రభుత్వపరమయ్యెను. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడెను. యజమాని పేరు ఇన్ని మారులు మారినను క్వార్టరు నిబంధనము మాత్రము మారలేదు. కొలువున్నంతవరకే కొంప.

ఖరగ్‌పూర్ వంటి కంపెనీ ఊళ్ళకు మూలము ఇంగ్లండులో కలదు. గ్రేట్ వెస్టరన్ రైల్వే వారు స్విండన్ అను చిన్న కొండయూరి దిగువను ఇంజనుల కర్మాగారము స్థాపించి 1843లో పని ప్రారంభించిరి. పనివాండ్ర నివాసమునకై ఆ దశకములోనే సుమారు 300 రాతియిండ్లు వరుసలుగా కట్టించిరి. పనివారి ఇన్‌స్టిట్యూటు, జీతములో కొంత కోసి నడిపిన వైద్యనిధి, గుడి, తోట అన్నియు ఆ యిండ్ల చుట్టునే వెలసెను. వరుస యిండ్లు, ఇన్‌స్టిట్యూటు, ఆసుపత్రి, సైరను కూతతో నడచు దినచర్య: ఇదియే అచ్చు మన సెటిల్‌మెంటు. తేడా తరువాత వచ్చినది. ఆ యిండ్లను 1966లో స్విండన్ పురపాలకులు కొని బాగు చేయించిరి. కర్మాగారము 1986లో మూతపడెను గాని ఇండ్లు మిగిలినవి. నేటికిని అందులో జనులు కాపురము చేయుచున్నారు.

1898లో ఎబెనీజర్ హోవర్డ్ అను ఆంగ్లేయుడు ఉద్యాననగరముల ఊహను ప్రకటించుచు ఒక గ్రంథము వ్రాసెను. పల్లెలోని గాలి, పట్టణములోని పని ఒక్కచోట దొరకవలెనని ఆయన కోరిక. ఆ ఊహ ప్రకారము 1903లో లెచ్‌వర్త్ అను ఊరు మొదలయ్యెను. అచ్చటను నేల ఒక సంస్థదే. కాని నేల విలువ పెరిగినకొలది ఆ పెరుగుదల ఊరివారికే ఉపయోగపడవలెనని ఏర్పాటు. ఖరగ్‌పూర్ రైల్వే నగరము నిర్మింపబడినదియు ఇంచుమించు ఆ సంవత్సరములలోనే. ఇచ్చట విశాలమైన వీధులున్నవి, నీడనిచ్చు చెట్లున్నవి, పెరడున్నది. కాపురమున్నవానికి హక్కు మాత్రము లేదు. దీనికి రైల్వేను తప్పుపట్టుట న్యాయము గాదు. ఇవాళ ఒకరికి అమ్మివేసినచో రేపు వచ్చు ఖలాసీ ఎచ్చట తల దాచుకొనును?

ఇక నిబంధనముల సంగతి. ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట క్వార్టరును మామూలు రుసుముపై నాలుగు నెలలు, ప్రత్యేక రుసుముపై మరి నాలుగు నెలలు ఉంచుకొనవచ్చును. అటుపిమ్మట అది అనధికార నివాసమగును. జరిమానా అద్దె లెక్క మొదలగును. క్వార్టరు అప్పగించునంతవరకు గ్రాట్యుయిటీ చేతికి రాదు. ఇచ్చటనే చిక్కు ఉన్నది. ఇల్లు కట్టుటకు గ్రాట్యుయిటీ కావలెను. గ్రాట్యుయిటీ రావలెనన్న ఇల్లు ఖాళీ చేయవలెను. ముందుగా ఆలోచింపనివాడు ఈ రెండింటి నడుమ నలిగి, సామానులు అద్దెయింట పడవేసి, రెండేండ్లు గడచిన పిమ్మట పెరిగిన ధరకు స్థలము వెదకుకొనును.

విరమణ పొందిన వారికి దారులు మూడు కనబడుచున్నవి. స్వగ్రామము ఒకటి, విశాఖపట్టణము వంటి నగరము రెండు, ఖరగ్‌పూర్‌లోనే రైల్వే హద్దు దాటి తాల్‌బగీచా, జాపేటాపూర్, మలంచా, ఇందా వంటి పేటలు మూడు. నగరమును గురించి చెప్పవలసినది స్వల్పము. అచ్చట డబ్బు ఉన్నవానికి ఇల్లు, లేనివానికి గది. దాని సంగతి బిడ్డల జీతములు నిర్ణయించును గాని తండ్రి పెన్షను నిర్ణయింపదు. మిగిలిన రెండు దారులే మన విచారణకు తగినవి.

స్వగ్రామమనగానే కండ్లలో మెదలునది తాతగారి పెంకుటిల్లు, వీధి అరుగు, ఏటిగట్టు. మనసులో ఉన్న ఊరు నలువది యేండ్ల నాటిది. వెళ్ళి దిగబోవు ఊరు నేటిది. పండుగకు పాసు వ్రాయించుకొని రాత్రి బండిలో పోయి శ్రీకాకుళము రోడ్డులోనో, విజయనగరములోనో దిగి పదిదినములు ఉండివచ్చువానికి ఊరివారందరును చుట్టములే. స్థిరముగా వచ్చి కూర్చుండినవానిని మాత్రము ఊరు మరల తూచి చూచును. "ఖరగ్‌పూర్ ఆయన" అను పేరు వచ్చును. గట్టు తగవులో మాట చెప్పబోయినచో "నీకేమి తెలియును బాబూ, నువ్వు రైలు మనిషివి" అని తమ్ముని కొడుకే అనును. ఇందులో ద్వేషమేమియు లేదు. చెట్టును పెరికి వేరొకచోట నాటినపుడు ఆకులు వాడును. ఒక వర్షాకాలము దాటినచో తేరుకొనును. కాని ఆ వర్షాకాలము ఎంత దీర్ఘమైనదో ముందుగా భార్యాభర్తలిద్దరును కూర్చుండి లెక్క వేసికొనుట మంచిది. పురుషునకు రచ్చబండ దొరకును. ఖరగ్‌పూర్‌లో పుట్టి, బెంగాలీ ఇరుగుపొరుగుల నడుమ పెరిగిన ఇల్లాలికి మెట్టినవారి పల్లెలో ఏమి దొరకును? ఈ ప్రశ్న వేయకయే ఇండ్లు కట్టినవారు ఉన్నారు. ఆ యిండ్లలో కొన్ని తాళము వేసియున్నవి.

ఇంటి హక్కు సంగతి దీనికంటె ముఖ్యమైనది. పల్లెలో ఇండ్లున్న భాగమును గ్రామకంఠము అందురు. పొలములకు సర్వే నంబరు, అడంగలు, ఒన్-బి ఉండును. గ్రామకంఠములోని ఇంటికి చాలచోట్ల ఉండునది పంచాయతీకి కట్టిన ఇంటిపన్ను రసీదు మాత్రమే. పన్ను రసీదు పన్ను కట్టినట్లు ఋజువగును గాని ఇల్లు మనదని ఋజువు కాదు. కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిలులో స్వామిత్వ పథకమును ప్రారంభించి, పల్లెలలోని నివాసస్థలములను డ్రోనులతో కొలిపించి హక్కుపత్రములు ఇచ్చుటకు పూనుకొనెను. ఆంధ్రప్రదేశములో అదే సంవత్సరము డిసెంబరులో భూముల పునఃసర్వే మొదలిడిరి. ఊరికి దూరమున నున్నవారికి ఇది మేలును చేయవచ్చును, కీడును చేయవచ్చును. కొలతకు వచ్చినపుడు అరుగుమీద కూర్చుండి "ఇది నాది" అని చెప్పువాడు ఎవడో వాని పేరే ముందు పలుకబడును. కనుక సర్వే నోటీసు వచ్చినదని తెలియగానే సెలవు పెట్టి పోవుట దండుగ కాదు.

తరువాతది వాటా. ఉమ్మడి ఇల్లు అన్నదమ్ములు పంచుకొని, ఒకని వాటాను మరియొకడు కొనుట మన జిల్లాలలో పరిపాటి. పెద్దమనుషులు కూర్చుండి కాగితము వ్రాయింతురు. ఆడపడుచులను పిలువరు, పిలిచినను పసుపుకుంకుమలకు ఒక చీర పెట్టి పంపుదురు. నేడు ఇది చెల్లదు. ఆంధ్రప్రదేశములో పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతోపాటు సమానహక్కు 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను పెండ్లి అయినను కాకున్నను కుమార్తెకు ఆ హక్కు కలదు. ఆనాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చిచెప్పెను. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రముతోనో కోర్టు డిక్రీతోనో ముగిసిన పంపకములను ఈ చట్టము కదలింపదు. కాబట్టి తమ్ముని వాటా కొను అన్నగారు అక్కచెల్లెండ్ర సంతకములు కూడ తీసికొనవలెను. ఇది చట్టమునకు భయపడి చేయవలసిన పని మాత్రమే అని తలచరాదు. ఈ సెటిల్‌మెంట్‌లోని ఇల్లాండ్రు కూడ ఏదో ఒక ఊరి ఆడపడుచులే గదా! తన చెల్లెలి సంతకము అక్కరలేదని వాదించు పెద్దమనిషి తన భార్యకు పుట్టింట రావలసిన వాటాను గురించి ఎంత గట్టిగా మాటాడునో అందరును ఎరిగినదే.

క్రొత్తగా స్థలము కొనువారు ఇంకను జాగ్రత్త పడవలెను. ప్రభుత్వము పేదలకు పట్టా యిచ్చిన భూమిని అమ్ముట, కొనుట 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాతి సడలింపులు ఎవరికి, ఎన్నేండ్లకు వర్తించునో తహసీలుదారు కార్యాలయములో అడిగి తెలిసికొనక బయానా యీయరాదు. కొండప్రాంతపు ఏజెన్సీ గ్రామములలో గిరిజనేతరునకు భూమి బదిలీ 1959 నాటి రెగ్యులేషను, దాని 1970 నాటి సవరణముల వలన చెల్లదు. చెరువు పోరంబోకు చౌకగా దొరకును. చౌకగా దొరకుటకు కారణము అది అమ్మువానిది కాకపోవుటయే! అమ్మువాడు దూరమున ఉన్నాడు, పవరు చేతిలో ఉన్నది, సంతకము నేనే పెట్టెదను అని వచ్చు మధ్యవర్తులున్నారు. జనరల్ పవరు ఆఫ్ అటార్నీ కాగితము చేతులు మారినంత మాత్రమున ఆస్తి మారదని 2011లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పియున్నది.

ఇచ్చట ఇంగ్లండువారి పద్ధతిని ఒక్కమారు చూచుట ఉపయోగకరము. ఆ దేశములో ఒక చిన్న పల్లెలో కుటీరము కొనదలచినవాడు ధర ఒప్పుకొనినను, ఒప్పందపత్రములు ఇచ్చిపుచ్చుకొనువరకు ఇరువురిలో ఎవరును కట్టుపడరు. ఆ నడుమ కాలములో అతని న్యాయవాది హక్కులు, దారులు, కాలువలు వెదకును; మరియొక నిపుణుడు పైకప్పు దూలము మొదలు పునాది చెమ్మ వరకు పరీక్షించి నివేదిక వ్రాయును. 1862లో స్థాపితమైన భూమి రిజిస్ట్రీలో పేరు ఎక్కినచో ఆ హక్కునకు రాజ్యమే పూచీ వహించును. మనదేశములో 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరగునది పత్రము మాత్రమే. హక్కునకు రిజిస్ట్రారు పూచీపడడు. హక్కు లేనివాడు వ్రాసిన పత్రము రిజిస్టరైనను కొనినవానికి మిగులునది ఆ కాగితమే. అందుచేతనే లింకు పత్రములు, ఈసీ, పూర్వపు విభాగ పత్రములు వెనుకకు ముప్పది యేండ్ల వరకు చదివించవలెననుట. అచ్చటి కొనుగోలుదారు న్యాయవాదికి రుసుము ఇచ్చుటను ఖర్చుగా తలపడు. ఇచ్చట పాతిక లక్షల ఇంటికి పది వేలు వకీలునకు ఇచ్చుటకు ప్రాణము పోవును; గృహప్రవేశపు భోజనములకు మాత్రము లెక్క చూడము!

ఆంగ్లేయ పల్లెలకు ఇంకొక అనుభవము కలదు, రైలువారికి అది ఆసక్తికరము. 1963లో బీచింగు అను నతని నివేదిక ప్రకారము ఆ దేశములో రెండువేలకు పైగా స్టేషనులను మూయవలెనని సూచించిరి, చాలవరకు మూసివేసిరి. కొన్ని స్టేషను కట్టడములను అమ్మివేయగా ప్రజలు కొని నివాసములు చేసికొనిరి. టికెట్టు కిటికీ వంటగది అయినది. ప్లాట్‌ఫారము పూలతోట అయినది. చూచుటకు ఎంతయో ముచ్చట. కాని విరమణానంతరము ఆ పల్లెలకు చేరిన వృద్ధులకు బండి లేదు, కొన్ని చోట్ల బస్సును లేదు, వైద్యుడు ఆమడ దూరమున. ప్రశాంతత కొనుటకు పోయి ఒంటరితనమును కొనితెచ్చుకొంటిమని వారిలో కొందరైన అనుకొనియుందురు.

ఈ మాట మన ఉద్దానమునకును, నాగావళి తీరమునకును వర్తించును. విరమణ పొందిన రైల్వే ఉద్యోగికి రైల్వే ఆసుపత్రి వైద్యమే పెద్ద ఆస్తి. ఖరగ్‌పూర్‌లో ఉన్నవానికి ఆ ఆసుపత్రి రిక్షా దూరము. పలాస ప్రక్క పల్లెలో ఉన్నవానికి పెద్ద జబ్బు వచ్చినచో విశాఖపట్టణము పోవలెను. రైల్వే ఆసుపత్రికి రెండున్నర కిలోమీటర్ల ఆవల నివసించువారు దినవైద్యము వదులుకొని స్థిర వైద్యభత్యము తీసికొనవచ్చును. 2017 జూలై నుండి దానిని నెలకు 1,000 రూపాయలు చేసిరి. రక్తపుపోటునకును, చక్కెర వ్యాధికిని మందులు కొనువాడు ఆ వేయి రూపాయలు ఎన్నిదినములు వచ్చునో తానే చెప్పగలడు. ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి విస్తారముగా నున్నది. కారణము ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికి ప్రత్యేక ఆసుపత్రి, ఆ ప్రాంతమునకు మంచినీటి పథకము ప్రారంభమైనవి. అచ్చట ఇల్లు కట్టువారు బావి త్రవ్వించి తృప్తిపడక నీటిని పరీక్ష చేయించి, కుళాయి నీరు గడపకు వచ్చునా లేదా అని చూడవలెను.

గాలివాన సంగతి మరువరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమును తాకెను. తిత్లీకి ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిపోయెను. తోటను నమ్ముకొని, పెన్షనునకు తోడు కొబ్బరికాయల ఆదాయము వచ్చునని లెక్క వేసినవారికి ఆ లెక్క ఒక్క రాత్రిలో తప్పినది. కొబ్బరి మరల కాపునకు వచ్చుటకు పట్టు కాలము, అరువదియేండ్ల మనిషి ముందున్న కాలము రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. అందుచేత సముద్రమునకు దగ్గర పల్లెలలో చిన్న ఇల్లయినను సరే గట్టి శ్లాబు వేయించుట, మెరక చూచి పునాది ఎత్తుగా లేపుట అవసరము. మేడమీద మేడ అనవసరము. బిడ్డలు వచ్చి ఉందురని కట్టిన పై అంతస్తులలో ఏడాదికి పదిదినములు మాత్రమే దీపము వెలుగుట చాల యూళ్ళలో చూడవచ్చును.

మూడవ దారి ఖరగ్‌పూర్‌లోనే నిలిచిపోవుట. పిల్లలు ఇచ్చటనే చదివిరి, స్నేహితులిచ్చటనే ఉన్నారు, గుడి, మాతాపూజ, తెలుగు మాట అన్నియు ఇచ్చటనే. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గము తెలుగును అదనపు అధికార భాషలలో చేర్చుటకు నిర్ణయించినది. దానికి ముఖ్యకారణము ఖరగ్‌పూర్ తెలుగువారే. కావున ఇది పరాయి ఊరు అను మాటకు కాలము చెల్లినది. ఈ ఊరి నేల ఎఱ్ఱ మొరము నేల, మెరక; వరదభయము తక్కువ. వేసవిలో బావులు అడుగంటుట మాత్రము ఇచ్చట ఇల్లు కట్టినవారందరికి తెలియును.

అయితే పత్రములు బెంగాలీలో నుండును. శ్రీకాకుళములో అడంగలు చదువగలిగినవాడు ఇచ్చట పర్చా చేత బట్టుకొని తెల్లమొగము వేయును. మౌజా, జె.ఎల్. నంబరు, దాగ్ నంబరు, ఖతియాన్ నంబరు అను నాలుగు మాటలను నేర్చుకొనక స్థలము చూచుటకు పోరాదు. దాగ్ అనగా నేలతునక గుర్తు. ఖతియాన్ అనగా ఎవరిపేర ఎంత ఉన్నదో చెప్పు లెక్క. కొనిన పిమ్మట బ్లాకు భూమి కార్యాలయములో మ్యుటేషను చేయించుకొని తన పేర ఖతియాన్ తెచ్చుకొనువరకు పని ముగిసినట్లు కాదు. పర్చాలో నేల తరగతి కూడ వ్రాసియుండును. శాలి అనగా వరిపొలము, డాంగా అనగా మెట్ట, బాస్తు అనగా నివాసస్థలము. ఈ "బాస్తు" మన "వాస్తు"వే. మనవారికి వాస్తు అనగా గుమ్మము తూర్పునకా ఉత్తరమునకా అను చర్చ. ఇచ్చటి దస్తావేజులో అది నేల తరగతి. గుమ్మపు వాస్తు చూపించుటకు విజయనగరము నుండి సిద్ధాంతిని రప్పించి, పర్చాలోని బాస్తు చూడక వరిపొలములో గోడలు లేపినవారు తరువాత తరగతి మార్పుకై తిరుగవలసి వచ్చును. 1955 నాటి పశ్చిమబెంగాల్ భూసంస్కరణ చట్టములోని 4సి నిబంధనము ప్రకారము ఆ మార్పునకు కలెక్టరు అనుమతి ఉండవలెను. ఆ చట్టమే షెడ్యూల్డు తెగలవారి భూమిని అధికారి అనుమతి లేక ఇతరులకు బదిలీ చేయరాదని చెప్పుచున్నది. ఖరగ్‌పూర్ చుట్టును సంతాల్ గ్రామములు చాలగలవు. అమ్మువాని పత్రమునకు పూర్వపు పత్రములో ఎవరి పేరున్నదో చూచుట తప్పనిసరి. ఇది మన డబ్బు మునుగునను భయముతో మాత్రమే చూడవలసినది కాదు. నిరుపేద గిరిజనుని నేలమీద కట్టిన ఇంట ఎవరికి నిద్ర పట్టును?

అన్నిటికంటె అపాయకరమైనది రైల్వే స్థలములోని పాకల "అమ్మకము". పది రూపాయల స్టాంపు కాగితముపై "దఖలు ఇచ్చినాను" అని వ్రాసి డబ్బు పుచ్చుకొందురు. కొన్నివేళల కొనునది విరమణ పొందిన రైల్వే ఉద్యోగియే! నూరు రూపాయలకు మించిన స్థిరాస్తి విక్రయము రిజిస్టరు పత్రము మూలముననే జరుగవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. రైల్వే నేలను అమ్ముటకు ఆ పాకవానికి హక్కే లేదు. 1971 నాటి చట్టము క్రింద అట్టివారిని ఖాళీ చేయించు అధికారము ఎస్టేటు అధికారికి ఉన్నది. ముప్పదియేండ్లు ఏ సంస్థ ఉప్పు తినిరో ఆ సంస్థ నోటీసునే వృద్ధాప్యమున తలుపుపై చూచుకొనుట కంటె అద్దెయిల్లు నయము.

ఇక డబ్బు. కేంద్ర ప్రభుత్వము వారి 2017 నాటి గృహనిర్మాణ అడ్వాన్సు నిబంధనముల ప్రకారము 34 నెలల మూలవేతనము, 25 లక్షల రూపాయలు, ఇంటి ఖరీదు, తీర్చగల శక్తి అను నాలుగింటిలో ఏది తక్కువయో అంత ఇత్తురు. స్థిర ఉద్యోగులకు, ఐదేండ్లు ఎడతెగక పనిచేసిన తాత్కాలికులకు ఇది లభించును. భార్యాభర్తలిద్దరును కేంద్ర ఉద్యోగులైనచో ఇద్దరును తీసికొనవచ్చును. వడ్డీ సాధారణ వడ్డీ, చక్రవడ్డీ కాదు. అసలు 180 నెలలకు మించకుండ ముందు తీర్చి, వడ్డీని తరువాత 60 నెలలకు మించకుండ తీర్చవలెను. ఇల్లు భారత రాష్ట్రపతి పేర తనఖా ఉండును. పల్లెలో కట్టువారు ఒక్క మాట గుర్తుంచుకొనవలెను: గ్రామప్రాంతమున భూమి, నిర్మాణముల నిజమైన ఖర్చులో 80% మించి ఈయరు, ఆ గ్రామము పట్టణపు అంచులో ఉన్నదని శాఖాధిపతి ధ్రువపరచిననే పూర్తి మొత్తము. స్థలముపై స్పష్టమైన హక్కు చూపవలెను గనుక పన్నురసీదు తప్ప మరేమియు లేని గ్రామకంఠపు ఇంటికి ఈ అప్పు దొరకుట కష్టము. స్థిరాస్తి కొనుటను, అమ్ముటను కార్యాలయమునకు తెలుపవలెనని ప్రవర్తనా నియమము కూడ ఉన్నది. భార్య పేర కొనినను తెలుపుట మంచిది.

180ని 12తో భాగించినచో 15 సంవత్సరములు. వడ్డీకి మరి 5. అనగా నలువదవ యేట అప్పు తీసికొనినవాడు అరువదవ యేట ఋణవిముక్తుడై ఇంట అడుగిడును. ఏబదియైదవ యేట మేలుకొనినవానికి మిగిలిన బాకీ గ్రాట్యుయిటీలో నుండి పోవును. "చూతము" అను మాటకు ఖరీదు ఇంత. 2004 జనవరి 1 నుండి కొలువున చేరినవారికి పాత పెన్షను విధానము లేకపోయెను. వారి పొదుపు లెక్క తండ్రుల లెక్కవంటిది కాదు. తండ్రి విరమణ తరువాత కట్టెను గదా అని కొడుకు కాచుకొనుట సాగదు.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత అందరికి నోటనున్నదే. పెండ్లిలో బంధువులైన సాయపడుదురు. ఇంటి పనిలో మేస్త్రీ, ఇసుక బండివాడు, సిమెంటు కొట్టువాడు ముగ్గురును యజమాని ఊరిలో లేడను సంగతి మొదటివారములోనే పసిగట్టుదురు. ఖరగ్‌పూర్‌లో ఉండి ఉత్తరాంధ్రలో ఇల్లు కట్టించువాడు ఫోనులో పంపిన ఛాయాచిత్రములు చూచి డబ్బు పంపుచుండును. పునాది, శ్లాబు అను రెండు ఘట్టములకైన సెలవుపెట్టి ఎదుట నిలువవలెను. గోడలోపల కలిసిపోయిన ఇనుము ఛాయాచిత్రములో కనబడదు.

స్వగ్రామము పోవలెనో, ఇచ్చటనే యుండవలెనో నిశ్చయింపలేనివారికి ఒక పద్ధతి కలదు. విరమణకు ముందు రెండు మూడు సంవత్సరములలో మిగిలిన సెలవును పండుగలకు గాక వేసవిలో ఒక నెల, వానలలో ఒక నెల వాడుకొని, ఊరిలో అద్దె ఇల్లు తీసికొని దంపతులు ఇద్దరును కాపురముండి చూచుట. చుట్టములింట ఉండరాదు, చుట్టములిల్లు అతిథికి కష్టము తెలియనీయదు. నీరు, కరెంటు, మందులదుకాణము, రాత్రివేళ ఆటో, ఇల్లాలికి మాటతోడు, ఈ అయిదును రెండు నెలలలో తేలిపోవును.

క్వార్టరు అప్పగించునాడు కావలసినవి కూడ చెప్పవలెను. విద్యుత్తు బాకీ లేదని కాగితము, తలుపులు, పంకాలు, కుళాయిలు సరిగానున్నవని ఇంజనీరింగు విభాగము వారి సంతకము, తాళము ముట్టినట్లు రసీదు. పెరటిలో స్వయముగా నాటిన మామిడిచెట్టు రైల్వేదే. దానిని కొట్టరాదు, అమ్మరాదు. కాయలున్న కాలమైనచో, క్రొత్తగా వచ్చినవారిని అడిగి ఒక గంప కోసికొనిపోవుట ఓల్డ్ సెటిల్‌మెంట్ మర్యాదలో ఉన్నది. తాళపు రసీదు నకలును పెన్షను కాగితములకు జతచేసి ఆనాడే కార్యాలయములో ఇచ్చివేయవలెను. గ్రాట్యుయిటీ బిల్లు దానిని చూచిన పిమ్మటనే కదలును.